అచ్చు అదే, తలపాగా వేరు

బందరు పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది అద్దకం. టేకు చెక్క మీద చెక్కిన పువ్వు, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ, తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నలుపు, పటిక అద్దిన చోట ఎక్కే ఎరుపు. 17వ శతాబ్దంలో ఈ గుడ్డ కోసం వలందులు వచ్చారు, ఇంగ్లీషు వాళ్ళు వచ్చారు, పరాసులు వచ్చారు. వాళ్ళు పోయినా వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు ఊళ్ళో ఉండిపోయాయి. ఈ రేవు నుంచి ఓడలెక్కినవి పూలు, తీగెలు, పక్షులు. సరిగ్గా ఆ కాలంలోనే ఆ వర్తకుల దేశాల్లోనూ చెక్క మీదా రాగి రేకు మీదా బొమ్మలు చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దుతున్నారు. ఆ కాగితాల్లో పూలున్నవీ ఉన్నాయి. కానీ వేడివేడిగా అమ్ముడైన వాటిలో చాలా వాటి మీద ఉన్నవి తెగిన తలలు, కొరడాలు, మంటలు, గుంజకు కట్టిన మనుషులు.

ఆ కాగితాలతో మాకేం పని అని మిత్రులు అడగొచ్చు. ఎక్కడి యూరపు, ఎక్కడి కృష్ణ దిగువ డెల్టా? పని ఉంది. ఆ బొమ్మల్లో కత్తి పట్టినవాడి కింద రాసిన పేరు మా పేరే. మేం పుట్టకముందే, మా తాతముత్తాతలు చూడని ఊళ్ళో, చూడని చేతులు చెక్కిన ఒక మొహాన్ని ఇవాళ మా మొహం మీద అతికించి చూస్తున్నారు. ఆ మొహం ఎలా తయారైందో, ఏ అచ్చులోంచి ఊడిపడిందో చదువుకునే హక్కు మాకుంది. కళా విమర్శకులు ఆ బొమ్మల గీతల గురించి, వెలుగునీడల గురించి రాశారు. మేం ఆ అచ్చు గురించి రాస్తాం.

ముందుగా జర్మనీలోని న్యూరెంబర్గు వెళదాం. 1529లో ఆటోమన్ సుల్తాను సులేమాను సేనలు వియన్నా నగరాన్ని ముట్టడించి, గెలవలేక వెనక్కి పోయాయి. మరుసటి ఏడు, 1530 ప్రాంతంలో, ఎర్హార్డ్ షోన్ అనే చెక్కబొమ్మల చిత్రకారుడు ఒక బొమ్మ వేశాడు. వియన్నా అడవుల్లో తురకలు చేసిన ఘోరం అది. పెద్ద తలపాగాలు చుట్టిన సైనికులు. పదును చెక్కిన కర్రలకు గుచ్చిన పసిపిల్లలు. కత్తి ఎత్తి ఒక పసిబిడ్డను రెండు ముక్కలు చేయబోతున్న మనిషి. నేల మీద పడి ఉన్న తల్లులు. ఇలాంటి ఒంటి కాగితాలు ఆ రోజుల్లో వార్తాపత్రికల పని చేసేవి. సంతల్లో అమ్మేవాళ్ళు, గోడలకు అంటించేవాళ్ళు, చదవడం రానివాడికి చదివి వినిపించేవాళ్ళు. చెక్క అచ్చు అరిగేదాకా వందల కాగితాలు అద్దొచ్చు. ఒక బొమ్మ ఒక ఊరంతటికీ భయం నేర్పగలదు.

ఇక్కడ మా లౌకిక మిత్రులు కొందరు తొందరపడి, అదంతా అబద్ధం, దుష్ప్రచారం అని మా తరఫున వాదించబోతారు. ఆ సాయం మాకొద్దు. సులేమాను సేన ముందు నడిచిన దోపిడీ దళాలు ఆ పల్లెల్లో నిజంగానే చంపాయి, తగలబెట్టాయి, మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయాయి. చచ్చిన రైతు నిజం. ఏడ్చిన తల్లి నిజం. రాజు నమాజు చేసేవాడైనంత మాత్రాన అతని జులుం మాకు చుట్టం కాదు. మా ప్రశ్న వేరు. చంపడం నిజమే అయినా, ఆ బొమ్మ ఆ చంపడాన్ని చూసి వేసిందేనా?

కాదు. ఆ బొమ్మకు మూలం వియన్నా అడవుల్లో లేదు, బైబిల్లో ఉంది. ఏసు పుట్టాడని విని, బెత్లెహేములో పసిపిల్లలందర్నీ చంపమన్న హేరోదు రాజు కథ. ఆ కథను యూరపు చిత్రకారులు తరతరాలుగా గీస్తూనే ఉన్నారు. రఫేలు గీసి ఇస్తే మార్కాంటోనియో రైమోండీ అనే చెక్కుడు పనివాడు 1512 ప్రాంతంలో రాగి రేకు మీద చెక్కిన 'పసిపిల్లల ఊచకోత' ఇటలీ దాటి ప్రచారమైంది. కత్తి ఎత్తిన చెయ్యి, తల్లి చంకలోంచి లాగిన బిడ్డ, నేల మీద చిన్న శవాలు. ఈ గీతలన్నీ అప్పటికే అందరి కంటికీ అలవాటైపోయాయి. షోన్‌కు కొత్తగా కావలసిందల్లా తలపాగా. అద్దకం పనిలో గీత వేసే అచ్చు ఒకటి ఉంటుంది, రంగు నింపే అచ్చులు వేరే ఉంటాయి. గీత అచ్చు మార్చకుండా నింపే రంగు మారిస్తే, కొనేవాడికి అది కొత్త గుడ్డలాగే కనపడుతుంది.

పసిపిల్లల్ని చంపే రాజు ఎవరికి లేడు? క్రైస్తవులకు హేరోదు. మాకు ఫిరౌను. ఇస్రాయీలు సంతతిలో మగబిడ్డల్ని చంపించినవాడని మా కుర్ఆను చెబుతుంది. హిందూ సోదరులకు కంసుడు. దేవకి బిడ్డల్ని బండకేసి కొట్టినవాడు. క్రౌర్యానికి హద్దు ఎక్కడో చెప్పాలంటే ప్రతి జాతీ పసిబిడ్డనే చూపించింది. అది మనుషులందరి భయం, మనుషులందరి కథ. దాన్ని ఒకే జాతి నుదుట రాసినప్పుడే కథ కాస్తా ముద్ర అవుతుంది.

ఆ ముద్ర ఎంత సులువుగా చేతులు మారుతుందో చూడండి. షోన్ బొమ్మ వచ్చిన ముప్పై అయిదేళ్ళకు, 1565-67 ప్రాంతంలో, పెద్ద బ్రూగెల్ అదే హేరోదు కథను రంగుల్లో వేశాడు. మంచు కురిసిన తన దేశపు పల్లెలోనే సైనికుల్ని దింపాడు. అప్పుడు ఆ దేశం స్పెయిను ఏలుబడిలో ఉంది. చూసినవాళ్ళకు ఆ సైనికులు ఎవరో అర్థమైంది. తర్వాత ఆ చిత్రం హాప్స్‌బర్గు చక్రవర్తి రెండో రుడాల్ఫు చేతికి చేరింది. అతనిదీ స్పెయిను రాజు వంశమే. చచ్చిన పిల్లల మీద రంగు పూయించి, వాళ్ళను మూటలుగా, పక్షులుగా, పశువులుగా మార్పించారు. ఇంగ్లండు రాజవంశపు సేకరణలో ఉన్న ఆ చిత్రంలో తల్లులు ఇప్పటికీ మూటల కోసం, పక్షుల కోసం గుండెలు బాదుకుంటూ కనపడతారు. ఎవరి క్రౌర్యం గుర్తుండాలో, ఎవరిది మాసిపోవాలో కుంచె పట్టినవాడు ఒక్కడే నిర్ణయించడు. చిత్రాన్ని కొనుక్కున్నవాడూ నిర్ణయిస్తాడు.

ఇక 1598. ఫ్రాంక్‌ఫర్టులో స్థిరపడిన ప్రొటెస్టెంటు కాందిశీకుడు థియొడోర్ డి బ్రీ ముద్రణశాల ఒక పుస్తకం వేసింది. లాస్ కసాస్ అనే స్పెయిను మతగురువు 1552లో తన వాళ్ళ అకృత్యాల మీద తానే రాసిన పుస్తకానికి బొమ్మలు చేర్చిన కూర్పు అది. అమెరికా ఆదివాసుల్ని పదముగ్గుర్ని ఒకే దూలానికి వేలాడదీసి కింద మంట పెట్టిన బొమ్మ అందులో ఉంది. పక్కనే ఒక సైనికుడు పసిబిడ్డను కాళ్ళు పట్టి గోడకేసి కొడుతున్నాడు. అదే పసిబిడ్డ! న్యూరెంబర్గులో తురక చేతిలో చచ్చిన బిడ్డ ఫ్రాంక్‌ఫర్టులో స్పెయిను వాడి చేతిలో మళ్ళీ చచ్చింది. డి బ్రీ ఎన్నడూ అమెరికా పోలేదు. పోవలసిన అవసరమూ లేదు. అచ్చు ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్పెయిను వాడి మీద పడిన ముద్ర కాలక్రమంలో పలచబడింది. తురక మీద పడింది ఎందుకు గట్టిపడింది? మాకు కనపడే కారణాల్లో పెద్దది ఇది. స్పెయిను వాడికి తన ముద్రణశాలలున్నాయి. అదే సంతలో, అదే మతపు మాటల్లో బదులు చెప్పగల నోరుంది. తురకకు ఆ సంతలో నోరు లేదు. ఇస్తాంబులులో ఇబ్రాహీం ముతఫర్రికా తుర్కీ భాషలో తొలి పుస్తకం అచ్చేసింది 1729లో. షోన్ బొమ్మకూ ఆ పుస్తకానికీ మధ్య రెండొందల ఏళ్ళు. రెండొందల ఏళ్ళు ఒక పక్షం మాత్రమే బొమ్మలు అద్దుతూ పోతే, రెండో పక్షం మనిషి కాకుండా పోతాడు. ఉత్త తలపాగా మిగులుతుంది.

ఆ తలపాగా పేరు 'తురక'. ఆ మాట మన భాషలో ఉంది. గోల్కొండ నవాబుకీ అదే పేరు, గుడివాడ సంతలో దూదేకే నూర్‌బాషాకీ అదే పేరు, దివిసీమలో కౌలు చేసుకునే సాయిబుకీ అదే పేరు. తుర్కీ దేశం ఏ దిక్కున ఉందో మా నాయనమ్మలకు తెలియదు. తెలుగులో జోలపాడి, తెలుగులో తిట్టుకుని, తెలుగులో చచ్చిపోయారు. అయినా మా పేరు ఊరు పేరు కాలేదు, పని పేరు కాలేదు. దూరదేశపు సేన పేరయింది. తెలుగులోకి ఆ మాట యూరపు బొమ్మల వల్ల రాలేదు, అంతకు చాలా ముందే వచ్చింది. కానీ ఇంగ్లీషు చదువులతో పాటు ఆ బొమ్మల నీడ వచ్చి, అప్పటికే సిద్ధంగా ఉన్న ఈ మాట మీద వాలింది. పేరు ఇక్కడిది, మొహం అక్కడిది. రెండూ కలిసి మేం అయ్యాం.

హిందూ మిత్రులు ఇది మా ఒక్కళ్ళ గొడవ అనుకోకూడదు. అదే కాగితాల్లో మీ ముత్తవ్వ కూడా ఉంది. గోవాలో కొన్నేళ్ళున్న లిన్‌స్కోటెన్ అనే డచ్చి వాడు 1596లో వేసిన పుస్తకంలో సహగమనం బొమ్మ ఉంది. గోతిలో మంట, దూకబోతున్న విధవ, చుట్టూ వాయిద్యాలు. డి బ్రీ కొడుకులు దాన్ని తమ పద్ధతిలో మళ్ళీ చెక్కి యూరపంతా పంచారు. బందరు ఇంగ్లీషు వర్తకశాలలో 1618 నుంచి 1622 దాకా ఉన్న విలియం మెత్‌వోల్డు కూడా ఈ తీరంలో విధవల సహగమనం గురించి రాశాడు. అతని రాత 1626లో లండనులో అచ్చయింది. ఆ బొమ్మల లెక్కలో హిందువు క్రౌర్యం ఆచారం, మూరు క్రౌర్యం అధికారం. ఒకడు తెలియక చంపుతాడు, ఒకడు మదమెక్కి చంపుతాడు. ఇద్దర్నీ బాగుచెయ్యడానికి మూడోవాడు కావాలి. ఆ మూడోవాడు ఎవరో మనకు తెలుసు. అతని కోట గోడలు బందరు కోటలో శిథిలమై పడి ఉన్నాయి.

ఇక్కడా మేం అబద్ధమాడం. సహగమనం నిజం. మంటలో కాలిన ఆడమనిషి నిజం. బెంగాలు ప్రభుత్వం 1829లో, మద్రాసు ప్రభుత్వం 1830లో దాన్ని నిషేధించడం మంచి పనే. కానీ ఆ బొమ్మల్లో ఆమెకు పేరుందా? ఊరుందా? పుట్టింటి వాళ్ళున్నారా? ఆస్తి ఎవరికి పోయిందో ఉందా? ఏవీ లేవు. ఆమె మీద జాలితో కాదు, చూసేవాడి ఆశ్చర్యం కోసం ఆమెను మళ్ళీ మళ్ళీ కాల్చారు. క్రౌర్యాన్ని చూపించడం వేరు, క్రౌర్యాన్ని అమ్ముకోవడం వేరు.

మరి తమ క్రౌర్యాన్ని వాళ్ళెలా గీసుకున్నారు? దానికి మన బందరు గుడ్డతో ముడిపడిన ఉదాహరణే ఉంది. వలందులకు లవంగం, జాజికాయ కావాలి. అవి పండేది తూర్పు దీవుల్లో. అక్కడివాళ్ళు వెండి కన్నా కోరమాండల్ గుడ్డ ఎక్కువ అడిగేవాళ్ళు. అందుకే ఒక డచ్చి అధికారి 1612లో మన తీరాన్ని మొలక్కా దీవులకు ఎడమచెయ్యి అన్నాడు. ఈ గుడ్డ లేకపోతే ఆ వ్యాపారం చచ్చినట్టే. అంటే ఈ తీరంలో నేసి, అద్ది, కాలవనీళ్ళలో ఉతికిన గుడ్డే ఆ దీవుల్లో జరిగిన దానికి పెట్టుబడి.

జరిగిందేమిటి? 1621లో యాన్ పీటర్సూన్ కూన్ అనే డచ్చి గవర్నరు జనరలు బాందా దీవుల మీద పడ్డాడు. జాజికాయ తమకే అమ్మాలన్న ఒప్పందం మీరారన్నది నేరం. పెద్దమనుషులు 44 మందిని నరికించాడు. జనం ఆకలికి చచ్చారు, పారిపోయారు, బానిసలుగా బతావియాకు పోయారు. దాదాపు 15,000 మంది ఉన్న దీవుల్లో ఒక వెయ్యి మంది మిగిలారేమోనని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో ఎక్కువమంది ముస్లిములు. సరిగ్గా రెండేళ్ళకు, 1623లో, పక్కనే అంబోయినాలో అదే డచ్చి కంపెనీ కుట్ర నేరం మోపి పదిమంది ఇంగ్లీషు వాళ్ళను చిత్రహింసలు పెట్టి తలలు నరికింది. వాళ్ళతో పాటు కొందరు జపాను సిపాయిల్ని, ఒక పోర్చుగీసు మనిషిని కూడా.

ఈ రెంటిలో ఏది బొమ్మయింది? అంబోయినా. 1624లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అచ్చేయించిన పుస్తకంలో చెక్కబొమ్మ ఉంది. చెక్కకు కట్టిన మనిషి, మొహానికి గుడ్డ చుట్టి పోస్తున్న నీళ్ళు, చర్మం కాల్చే కొవ్వొత్తి. ఆ మరుసటి ఏడు కంపెనీ రిచర్డ్ గ్రీన్‌బరీ చేత ఈ హింసలన్నీ ఒక పెద్ద చిత్రంగా వేయించింది. దాన్ని చూస్తే జనం లండనులోని డచ్చి వాళ్ళ మీద పడతారని భయపడి ప్రభుత్వమే మూయించింది. ఆ తర్వాత డచ్చి వాళ్ళతో యుద్ధం వచ్చినప్పుడల్లా ఆ పుస్తకం మళ్ళీ బయటికొచ్చింది. 1654 ఒప్పందంలో చనిపోయిన ఇంగ్లీషు వాళ్ళ వారసులకు 3,615 పౌండ్ల పరిహారం రాసుకున్నారు. పదిమంది పేర్లు యాభై ఏళ్ళు మోగాయి. వాళ్ళ పక్కనే మెడలు తెగిన జపాను సిపాయిలు ఆ ఏడుపులోకి రాలేదు. బాందా దీవుల వాళ్ళకు అలా దేశం దేశమంతా చేతులు మారిన బొమ్మే లేదు. చచ్చినవాళ్ళ లెక్క వెయ్యింతలు పెద్దదైనా, వాళ్ళ కోసం అచ్చు చెక్కించేవాడు లేడు.

ఇంకో సంగతి చూడాలి. డచ్చి వాళ్ళు తమ సమాధానం అచ్చేయించారు. చిత్రహింస మా చట్టంలో ఉన్న పద్ధతే, విచారణ చేశాం, రాతకోతలున్నాయి అన్నారు. ఇదీ తేడా. యూరపు వాడి క్రౌర్యానికి తేదీ ఉంటుంది, చట్టం ఉంటుంది, వాదం ఉంటుంది, పేరుపేరునా నేరస్తుడుంటాడు. మూరు క్రౌర్యానికి ఇవేవీ ఉండవు. అది అతని రక్తంలో ఉంటుంది. నేరం చేసినవాణ్ణి శిక్షించొచ్చు, క్షమించొచ్చు. రక్తాన్ని ఏం చేస్తాం?

మన దగ్గర చరిత్ర ఆ అచ్చులో పట్టదు. బందరు, గోల్కొండల్లో కంపెనీ ఉద్యోగం చేసిన డానియల్ హావర్టు అనే డచ్చి వాడు 1693లో కోరమాండల్ ఎదుగుదలా పతనమూ అంటూ ఒక పుస్తకం వేశాడు. ఈ తీరంలోని డచ్చి సమాధుల మీది రాతలన్నీ ఎక్కించాడు. బందరులో ఆ సమాధుల రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. రాతి మీద ఉబ్బెత్తు అక్షరాలు, వంశ ముద్రలు. అదే హావర్టు పారసీ నేర్చుకుని సాదీ 'బూస్తాన్'ను డచ్చిలోకి అనువదించి 1688లో అచ్చేశాడు. ఒకడు మూరు కత్తి అమ్ముకుంటుంటే, ఒకడు మూరు కవిని మోసుకుపోయాడు. యూరపంతా ఒకటే అని మేం అనం. మమ్మల్నందర్నీ ఒకే గాటన కట్టొద్దనేవాళ్ళం ఇంకొకళ్ళను ఎలా కడతాం?

హావర్టు రాసిన పతనంలో ఏముంది? ముస్లిం సుల్తాను తానాషా. అతని రాజ్యాన్ని నడిపిన బ్రాహ్మణ మంత్రులు అక్కన్న, మాదన్న. వాళ్ళ పేరు విజయవాడ కొండ కింద గుహలకు ఇప్పటికీ ఉంది. 1686లో వాళ్ళిద్దర్నీ గోల్కొండలో దారుణంగా చంపారు. 1687లో ముస్లిం చక్రవర్తి ఔరంగజేబు ముస్లిం గోల్కొండను పడగొట్టాడు. ఇందులో తలలు తెగాయి, నెత్తురు పారింది. ఏ ఒక్క చావునూ మేం తక్కువ చెయ్యం. కానీ ఈ కథను షోన్ అచ్చులో పెట్టి అద్దండి చూద్దాం. తలపాగా ఎవరికి పెడతారు? చంపినవాడికీ ఉంది, చచ్చినవాడికీ ఉంది, మంత్రులకూ ఉంది. అందుకే ఈ కథ చెప్పేవాళ్ళు సగం కోసేసి చెబుతారు. కొందరు మంత్రుల హత్య మాత్రం చెబుతారు. కొందరు తానాషా మతసామరస్యం మాత్రం చెప్పి ఆ హత్య మింగేస్తారు. మొదటివాళ్ళు మాకు శత్రువులు. రెండోవాళ్ళు మిత్రులే గానీ మేలు చెయ్యరు.

క్రౌర్యాన్ని అచ్చుతో కాకుండా కంటితో గీసినవాళ్ళు యూరపులోనే ఉన్నారు. 1633లో జాక్ కాలో 'యుద్ధపు ఘోరాలు' వరుస చెక్కాడు. అందులో పల్లెల్ని దోచే సైనికులు యూరపు వాళ్ళే. చెట్టుకు కాయల్లా వేలాడుతున్న దొంగసిపాయిలూ వాళ్ళే. తిరగబడి సిపాయిల్ని చంపే రైతుల్నీ దాచలేదు. 1751లో విలియం హోగార్తు 'క్రౌర్యపు నాలుగు దశలు' వేశాడు. లండను వీధి పిల్లవాడు టామ్ నీరో కుక్కను హింసించడంతో మొదలై, గుర్రాన్ని కొట్టి, మనిషిని చంపి, చివరికి శవంగా వైద్యుల బల్ల మీద కోతకు గురవుతాడు. క్రౌర్యం పుట్టుకతో రాదు, వీధిలో నేర్చుకుంటారు, పెద్దమనుషులూ అందులో భాగస్తులే అన్నది ఆ బొమ్మల మాట.

గోయా సంగతి వేరే చెప్పాలి. స్పెయిను మీదికి నెపోలియను దండెత్తిన కాలంలో, 1810 నుంచి 1820 దాకా, 'యుద్ధపు విపత్తులు' చెక్కాడు. అవి అతను చచ్చిపోయిన 35 ఏళ్ళకు, 1863లో గాని అచ్చుకు రాలేదు. చెట్టుకు గుచ్చిన శవాలు గీశాడు. పరాసు సైనికులు చేసింది గీశాడు. తన స్పెయిను జనం గుంపుగా ఒక మనిషిని వీధిలో ఈడ్చి కొట్టడమూ గీశాడు. ఒక బొమ్మ కింద దాన్ని తాను చూశానని రాసుకున్నాడు. మేం గోయాను ఇష్టపడేది అందుకే. కానీ అదే గోయా 1814లో రంగుల్లో వేసిన పెద్ద చిత్రంలో మాడ్రిడు జనం మీద గుర్రాలతో పడుతున్న మమ్లూకులకు ఎర్ర పంట్లాములు, తలపాగాలు! నెపోలియను సేనలో మమ్లూకులు నిజంగానే ఉన్నారు. అయినా మూరులతో వందల ఏళ్ళు పోరాడిన స్పెయిను కంటికి ఆ తలపాగా ఉత్త తలపాగాగా కనపడి ఉండదు. అంత నిజాయితీ ఉన్న చేతిలోకి కూడా పాత అచ్చు నిశ్శబ్దంగా వచ్చి కూచోగలదు. మన ప్రగతిశీల కవులు, కథకులు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాలని మా మనవి.

ఎందుకంటే అచ్చు పాతబడలేదు. గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళు తెలుగు సినిమాకు ఇద్దరు మహా హీరోల్ని ఇచ్చాయి. నిమ్మకూరు రామారావు, రామాపురం నాగేశ్వరరావు. ఆ సినిమాలకు చప్పట్లు కొట్టిన వాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ గుడివాడ గోడల మీదే తర్వాత్తర్వాత వచ్చిన పోస్టర్లలో కళ్ళకు సుర్మా, మెడలో తాయెత్తు, చేతిలో కత్తో తుపాకో ఉన్నవాడు ఎవడని పసిపిల్లణ్ణి అడిగినా చెబుతాడు. చెయ్యి ఎత్తిన తీరు అదే. కింద పడిన తల్లి అదే. ఆ పోస్టరు గీసినవాడు షోన్ పేరు విని ఉండడు. వినక్కర్లేదు. అచ్చు చేతులు మారుతుంది గాని పేరు చెప్పుకోదు.

కత్తి లేని బొమ్మ మాకు ఇంకొకటి దొరికింది. 2002 గుజరాతులో కన్నీళ్ళతో చేతులు జోడించిన ఒక ముస్లిం యువకుడి ఫోటో. దేశం కదిలింది, మంచిదే. కానీ ఆ మనిషి ఆ ఫోటోలోంచి బయటికొచ్చి దర్జీగా, తండ్రిగా, పక్కింటివాడుగా బతకడానికి ఎంత అవస్థపడ్డాడో తర్వాత లోకానికి తెలిసింది. అయితే కత్తి, లేకపోతే జోడించిన చేతులు. ఈ రెంటి మధ్య మా బతుకంతా ఉంది. దానికి ఫోటో లేదు.

ఇప్పుడు అంతకన్నా ఘోరమైన బొమ్మ వచ్చింది. షోన్ శత్రువు క్రౌర్యాన్ని చూపించి తన వాళ్ళకు భయం నేర్పాడు. 2017 డిసెంబరులో రాజస్థానులోని రాజసమందులో ఒక ముస్లిం కూలీని చంపుతూ, చంపినవాడే దాన్ని వీడియో తీయించి లోకం మీదికి వదిలాడు. చంపేవాడే చిత్రకారుడు, వాడే ప్రచురణకర్త. క్రౌర్యాన్ని దాచుకోవడం పోయింది, సంతకం పెట్టడం వచ్చింది. అయిదు వందల ఏళ్ళు తురక క్రూరుడు అని అద్దుతూ వచ్చిన అచ్చు పని ఇక్కడికి చేరింది. క్రూరుడని నమ్మించిన మనిషిని ఏం చేసినా అది క్రౌర్యంగా కనపడదు.

దివిసీమ జనానికి శవాల బొమ్మలు కొత్త కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. అంతకు ముందు 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల ఊళ్ళు కలిపి ముప్పై వేల మంది పోయారు. 77లో పత్రికల్లో వచ్చిన శవాల ఫోటోలు చూసి ఎవరూ వీళ్ళు ఏ మతం అని అడగలేదు. ఉబ్బిన శవానికి టోపీ లేదు, బొట్టు లేదు, శిలువ లేదు. కలిపి పూడ్చారు, కలిపి కాల్చారు. బట్టలు, బియ్యం పట్టుకుని జనం కదిలారు. చంపింది సముద్రం కాబట్టి తలపాగా పెట్టడానికి తల దొరకలేదు. మనుషుల చావును మనుషుల చావుగా చూడటం మనకు వచ్చు. చంపింది మనిషి అయినప్పుడే ఆ చూపు ఎందుకు తప్పుతోంది?

క్రౌర్యపు బొమ్మలు వెయ్యొద్దని మేం అనడం లేదు. వెయ్యాలి. మా వాళ్ళు చేసిందీ వెయ్యాలి, మా ఇళ్ళలో మా ఆడవాళ్ళ మీద జరిగేదీ వెయ్యాలి. కానీ బొమ్మ చూపించేటప్పుడు చంపినవాడి పేరు చెప్పండి, వాడి జాతి పేరు కాదు. తేదీ చెప్పండి, ఆ కత్తికి పెట్టుబడి ఎవరిదో చెప్పండి. చచ్చినవాడికి ఒక ఊరివ్వండి. ఆ పక్కనే చచ్చి బొమ్మలోకి రానివాణ్ణి కూడా వెతకండి.

పెడనలో అచ్చు చెక్కేవాడు చెక్కలోకి పువ్వును ఎడమది కుడి చేసి చెక్కుతాడు. గుడ్డ మీద పడ్డాక సరిగ్గా కనపడాలని. గుడ్డ కొనేవాడు అచ్చు మొహం చూడడు. చూడాలని మేం అంటున్నాం. తిరగేస్తే అది ఉత్త చెక్క. ఎవరో చెక్కింది, ఇంకెవరో కొన్నది, మూడోవాడు మా మొహం మీద ఒత్తింది. చెక్క అని తెలిశాక దాన్ని పక్కన పెట్టడం పెద్ద పని కాదు. మా మొహం కింద మామూలుగానే ఉంది.